సముద్రపు ఒడ్డున చిన్న ఆవిరి రైలు: సగం పని నీళ్లతోనే

(హైదరాబాద్‌లో పాత యంత్రాలు, రైలు నమూనాల మీద ఆసక్తి ఉన్నవాళ్ల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

సముద్రం చూడాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్లు దాటి పోవాల్సిన ఊరు మనది. ఇక్కడ కూర్చొని సముద్రపు ఒడ్డు రైలు గురించి ఏం మాట్లాడతారని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. కానీ ఈ పనికి కావలసిన చేతులు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చినప్పటి నుంచి ఆవిరి ఇంజన్ ఈ ఊరికి తెలుసు. లాలాగూడ వర్క్‌షాపు నిజాం రైల్వే నాటిది. బాలానగర్‌లో లేత్ మీద పని చేసేవాళ్లు వందలమంది ఉన్నారు. గాస్కెట్టు, వాల్వు, ఇత్తడి ఫిట్టింగు ఏది కావాలన్నా రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే దొరుకుతుంది. రైలు విశాఖలోనో సూర్యలంకలోనో నడిచినా దాని పెద్ద మరమ్మతులు ఇక్కడికే వస్తాయి.

ముందు కొలతలు చెప్పుకుందాం. మినియేచర్ అనగానే చాలామందికి జూ పార్కులో టాయ్ ట్రెయిన్ గుర్తొస్తుంది. నేను చెప్పేది అంతకన్నా కాస్త బరువైన సంగతి. మన బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఈ రైళ్లలో బాగా పేరున్న కొలత 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. 1870లలో ఇంగ్లండ్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ అనే ఆయన తన ఎస్టేటులో ముందు 9 అంగుళాల గేజి వేసి చూశాడు. మనుషులు ఎక్కితే బండి నిలకడగా ఉండటం లేదని తేలింది. మనుషుల్ని, సరుకుల్ని నమ్మకంగా మోయాలంటే 15 అంగుళాలకు తగ్గకూడదని అప్పుడు నిర్ణయించుకున్నాడు. ఆ లెక్క ఇప్పటికీ చెల్లుతోంది.

ఆ గేజి మీద వేల్స్ ఉత్తర తీరంలో రిల్ పట్టణంలో 1911లో ఒక చెరువు చుట్టూ లైను వేశారు. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలో రోమ్నీ, హైథ్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే 1927 జూలై 16న మొదలై, మరుసటి ఏడాది డంజెనెస్ దాకా వెళ్లింది. పొడవు పదమూడున్నర మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. కెప్టెన్ హౌవీ డబ్బు పెట్టాడు, హెన్రీ గ్రీన్లీ డిజైన్లు గీశాడు. ఇంజన్లు పెద్ద రైలు ఇంజన్‌లో మూడో వంతు కొలతలో ఉంటాయి, గంటకు 25 మైళ్ల దాకా పోతాయి. వేల్స్ పడమటి తీరంలో ఫెయిర్‌బోర్న్ లైను ఇంకా చిన్నది, పన్నెండుంబావు అంగుళాలు. చరిత్ర ఇంత చాలు. ఇక పనిలోకి వద్దాం.

ఇలాంటి రైలు నడపడంలో కష్టం ఎక్కడుంది అని అడిగితే, కొత్తవాళ్లు బొగ్గు అంటారు, ఇంజన్ విడిభాగాలు అంటారు. నన్నడిగితే నీళ్లు. లోపల బాయిలర్‌లో పోసే నీళ్లు, బయట గాలిలో తేలివచ్చే ఉప్పునీళ్లు. ఈ రెండింటినీ అదుపులో పెట్టుకున్నవాడి రైలు నడుస్తుంది. మిగతావన్నీ సర్దుకోవచ్చు.

లోపలి నీళ్లతో మొదలుపెడదాం. ఇది హైదరాబాద్ వాళ్లకు వివరంగా చెప్పక్కర్లేదు. మంజీరా నీళ్లు వచ్చే ఇంట్లో గీజరు ఎన్నాళ్లుంటుందో, బోరు మీద బతికే అపార్ట్‌మెంటులో ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు. ఊడదీసిన కాయిల్ మీద తెల్లగా, పెళుసుగా, వేలి మందాన గార పట్టి ఉంటుంది. బాయిలర్ ట్యూబుల (మంట వేడి పోయే గొట్టాల) మీద పట్టేదీ అదే. కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలినచోట దిగి అంటుకుంటాయి. తేడా ఏమిటంటే గీజరులో గార పడితే కరెంటు బిల్లు పెరుగుతుంది, కాయిల్ కాలిపోతుంది. బాయిలర్‌లో అయితే ఫైర్‌బాక్స్ (మంట మండే పెట్టె) రేకు తన వేడిని నీళ్లకు ఇవ్వలేక తానే కాలుతుంది. గార గుండా వేడి పోయే వేగం ఉక్కులో కంటే పాతిక రెట్లు తక్కువ. ఒక వైపు మంట, రెండో వైపు దుప్పటి కప్పినట్టు గార. రేకు మెత్తబడి ఉబ్బుతుంది, స్టేలు (రేకులను పట్టి ఉంచే కడ్డీలు) కారడం మొదలవుతుంది.

కాగితం మీద లెక్క వేద్దాం. మీ బోరు నీళ్ల హార్డ్‌నెస్ (గార పట్టించే లవణాల కొలత) లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకోండి. ఇంజన్ రోజుకు 500 లీటర్లు తాగుతుంది అనుకోండి. ఆవిరైపోయేది నీళ్లే, లవణాలు ఎక్కడికీ పోవు. రోజుకు 150 గ్రాములు బాయిలర్‌లో మిగులుతుంది. ఇరవై రోజులు నడిపితే 3 కిలోలు. అరబస్తా సున్నం కాదు నిజమే, కానీ అది అన్నిచోట్లా సమంగా పరుచుకోదు. మంట ఎక్కువ తగిలే ఫైర్‌బాక్స్ పక్కల్లో, ట్యూబుల చివర్లలో, కడిగే గొట్టం అందని మూలల్లో చేరుతుంది.

సముద్రపు ఒడ్డున ఇంకో ప్రమాదం. తీరంలో బోరు వేస్తే కొన్నిచోట్ల ఉప్పునీళ్లు కలిసి వస్తాయి. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అవే 500 లీటర్లు పోస్తే ఒక్క రోజులో పదిహేడున్నర కిలోల ఉప్పు. అంత ఎవరూ పోయరులెండి. కానీ అందులో ఇరవయ్యో వంతు కలిసినా ముప్పావు కిలోకు తగ్గదు. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఉక్కును చుక్కలు చుక్కలుగా తింటుంది. రేకు మొత్తం సన్నబడితే మందం కొలిచి పట్టుకోవచ్చు. చిన్న గుంట పడి లోతుకు పోయేదాన్ని పట్టుకోవడం కష్టం. అందుకని స్థలం చూసేటప్పుడు పట్టాల మార్గం కన్నా ముందు నీళ్లు పరీక్ష చేయించండి. హార్డ్‌నెస్, మొత్తం కరిగిన లవణాలు, క్లోరైడ్, పీహెచ్: ఈ నాలుగు చాలు. వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించాలి. తీరంలో ఈ రెంటికీ బాగా తేడా వస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సాఫ్ట్‌నర్ పెట్టేశాం, పనైపోయింది అనుకుంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసుకొని ఆ చోట సోడియం పెడుతుంది. గార తగ్గుతుంది, నిజం. మొత్తం లవణాలు మాత్రం తగ్గవు, క్లోరైడ్ ఉన్నది ఉన్నట్టే లోపలికి పోతుంది. ఉప్పు ఎక్కువున్న చోట ఆర్‌ఓ ప్లాంటు తప్పదు. ఆర్‌ఓ నీళ్లతో మళ్లీ ఇంకో తంటా. అవి మరీ ఖాళీ నీళ్లు, కొంచెం ఆమ్లంగా ఉంటాయి, ఇనుమును తింటాయి. కాబట్టి క్షారం కలపాలి. ఉక్కు బాయిలర్‌లో నీళ్ల పీహెచ్ 11 చుట్టుపక్కల ఉండేట్టు చూసుకుంటారు. ఆక్సిజన్ పట్టుకోవడానికి, దిగే లవణాలు గట్టిపడకుండా మెత్తటి మడ్డిగా ఉండటానికి టానిన్ కలిసిన మందులు వాడతారు. మందు ఏదైనా, కొలత మాత్రం పరీక్షను బట్టే. టీ గ్లాసుతో అందాజుగా పోయడం వద్దు.

మందు వేస్తే లవణాలు మాయం కావు, నీళ్లలోనే తిరుగుతుంటాయి. వాటిని బయటికి పంపాలి. దాన్నే బ్లోడౌన్ అంటాం. కింద ఉన్న వాల్వు తెరిస్తే ఒత్తిడితో మడ్డి నీళ్లు ఎగజిమ్ముతాయి. ఎంత వదలాలి? లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లు పోస్తూ, లోపల 3,000 దాటకుండా చూడాలంటే, పోసిన నీళ్లలో పదో వంతు వదలాలి. పొదుపు చేద్దామని ఇది మానేస్తే ఏమవుతుంది? నీళ్లు చిక్కబడి నురుగు కడతాయి. పాలు పొంగినట్టే. పొంగిన నీళ్లు ఆవిరితో పాటు సిలిండర్లలోకి పోతాయి. ఆవిరిని నొక్కితే నలుగుతుంది, నీళ్లను నొక్కితే నలగవు. పిస్టన్‌కూ సిలిండర్ మూతకూ మధ్య నీళ్లు చిక్కుకుంటే మూతైనా పగులుతుంది, కనెక్టింగ్ రాడ్డయినా వంగుతుంది. బండి కదిలేటప్పుడు సిలిండర్ డ్రెయిన్ కాకులు (నీళ్లు వదిలే చిన్న కుళాయిలు) తెరిచి బుస్సుమని రెండు పక్కలా ఆవిరి వదిలేది అందుకే. జనానికి అది ముచ్చటగా ఉంటుంది, ఫొటోలు తీసుకుంటారు. డ్రైవరుకు అది సిలిండర్ మూత కాపాడుకోవడం.

మడ్డి అంతా బ్లోడౌన్‌తో పోదు. కొన్ని రోజులకొకసారి బాయిలర్ కడగాలి. ఎన్ని రోజులకు అన్నది మీ నీళ్లు చెబుతాయి. మొదట్లో తొందరగా విప్పండి, లోపల పెద్దగా ఏమీ లేకపోతే గడువు పెంచండి. పద్ధతి ఇది. బాయిలర్ దానంతటది చల్లారాలి, ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. తొందరపడి వేడి బాయిలర్‌లో చన్నీళ్లు కొడితే రేకులు ఒక్కసారిగా ముడుచుకొని స్టేలు విరుగుతాయి, ట్యూబులు కారుతాయి. చల్లారాక కడిగే ప్లగ్గులన్నీ విప్పాలి. పైనుంచి కిందికి కడగాలి. చివరికి ఫైర్‌బాక్స్ అడుగున చుట్టూ ఉండే ఇరుకు సందులోకి మడ్డి అంతా దిగుతుంది. దాన్ని మెత్తటి ఇత్తడి కడ్డీతో కదిపి, గొట్టంతో తోసెయ్యాలి. తేటనీళ్లు వచ్చేదాకా ఆపొద్దు. వచ్చిన మడ్డిని పారబొయ్యకుండా ఒక బకెట్టులో పట్టి చూడండి. మెత్తగా ఉంటే మందు పనిచేస్తోంది. పెంకుల్లా గలగలమంటే గార ఊడుతోందన్నమాట, అంటే అది అక్కడ పట్టి ఉంది. ప్లగ్గుల మరలకు గ్రాఫైట్ గ్రీజు రాసి బిగించండి. ఎంత బిగిస్తే అంత మంచిదని పొడవాటి పైపు తొడిగి తిప్పకండి, సాలు పోతుంది.

ఇక పొద్దున పని. 15 అంగుళాల ఇంజన్‌కు చల్లటి బాయిలర్ నుంచి ఆవిరి రావడానికి సుమారు రెండు గంటలు కేటాయించండి. పది గంటలకు మొదటి ట్రిప్పు అంటే ఏడున్నరకే మంట పెట్టాలి. అగ్గిపుల్ల గీసేముందు గేజ్ గ్లాస్‌లో (బాయిలర్ నీళ్ల మట్టం చూపే గాజు గొట్టంలో) నీళ్లు కనిపించాలి. రెగ్యులేటర్ (సిలిండర్లకు ఆవిరి వదిలే పిడి) మూసి ఉందా, రివర్స్ గేరు (బండి దిశ మార్చే పిడి) నడిమధ్యలో ఉందా, చేతి బ్రేకు వేసి ఉందా, డ్రెయిన్ కాకులు తెరిచి ఉన్నాయా, కింద బూడిద ట్రే ఖాళీయేనా చూసుకోవాలి. ఫైర్‌బాక్స్‌లోకి టార్చి వేసి ట్యూబుల చివర్లు చూడండి. తెల్ల చారలు కనబడితే అక్కడ కారుతోందని అర్థం. ఆ తర్వాత కట్టెపుల్లలు, నూనె గుడ్డలతో మంట. ఆవిరి లేకుండా ఇంజన్ తన పొగను తాను లాగలేదు కాబట్టి చిన్న ఇంజన్లకు పొగగొట్టం మీద కరెంటు ఫ్యాను బోర్లిస్తారు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల దగ్గరకు వచ్చాక ఫ్యాను తీసి ఇంజన్ సొంత బ్లోయర్ (ఆవిరి చిమ్మి పొగను లాగేది) తెరుస్తారు. మంటను తొందరపెట్టొద్దు. రాగి, ఉక్కు, ఇత్తడి వేర్వేరుగా సాగుతాయి, వాటికి సమయం ఇవ్వాలి.

గేజ్ గ్లాస్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రాణాలు దీని మీదే ఉన్నాయి. గాజు గొట్టంలో కనిపించే మట్టం నిజమైన మట్టం కాకపోవచ్చు. కింది దారిలో మడ్డి అడ్డుపడితే, లోపల నీళ్లు తగ్గినా గొట్టంలో పాత నీళ్లు అలాగే నిలబడి నమ్మిస్తాయి. కాబట్టి ఆవిరి వచ్చాక ప్రతి పొద్దునా, రెండు గ్లాసులకూ, ఇలా పరీక్షించాలి. పైన ఆవిరి కాకు మూసి కింద డ్రెయిన్ తెరవండి: నీళ్లు గట్టిగా చిమ్మాలి. అప్పుడు నీళ్ల కాకు మూసి ఆవిరి కాకు తెరవండి: ఆవిరి ధారగా రావాలి. ఇప్పుడు డ్రెయిన్ మూసి నీళ్ల కాకు తెరవండి. నీళ్లు టక్కున ఎగిరి, ఊగి, ఒక చోట నిలవాలి. బద్ధకంగా మెల్లగా పాకుతూ పైకి వస్తే ఏదో దారి సగం మూసుకుపోయింది. ఆ గ్లాసును నమ్మి బండి కదిలించకూడదు. రెండు గ్లాసులూ రెండు మట్టాలు చూపిస్తే, తక్కువ చూపించేదే నిజమనుకొని పని చేయండి.

నీళ్లు నిజంగానే తగ్గిపోతే? ఫైర్‌బాక్స్ పైకప్పు రేకు మీద నీళ్లు లేకుండా పోతుంది. దానికి చివరి కాపలాగా సీసం ప్లగ్ ఉంటుంది. ఇత్తడి ప్లగ్గు మధ్యలో సీసం. చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి దగ్గర నీళ్ల వేడి 184 డిగ్రీల చుట్టూ ఉంటుంది, సీసం 327 దగ్గర కరుగుతుంది. నీళ్లు పైన ఉన్నంతసేపు సీసానికి ఏమీ కాదు. నీళ్లు దిగిపోగానే కరిగి ఆవిరి మంట మీద చిమ్ముతుంది. అది మంటను పూర్తిగా ఆర్పదు, ప్రమాదం అని అరిచి చెబుతుంది, అంతే. అలాంటప్పుడు ఇంజెక్టర్ తెరిచి చన్నీళ్లు పోయకండి. ఎర్రగా కాలిన రేకు మీద నీళ్లు పడితే ఏమవుతుందో ఊహించుకోండి. మంట లాగేసి, జనాన్ని దూరం పంపాలి. సీసం మీద కూడా గార పడుతుంది, అది కరిగే వేళకు కరగదు. అందుకే ప్లగ్గును ఏటా మార్చేస్తే నిశ్చింత.

ఇంజెక్టర్ మాట వచ్చింది కదా. ఆవిరితోనే నీళ్లను అదే ఆవిరి ఒత్తిడికి ఎదురు బాయిలర్‌లోకి పంపే చిన్న ఇత్తడి పరికరం. కదిలే భాగాలు దాదాపు ఉండవు, మూడు కోన్లు ఉంటాయి, అంతే. పంపు కన్నా అందమైన ఆలోచన. కానీ అలుగుతుంది. మూడు కారణాలకు అలుగుతుంది: నీళ్లు వేడెక్కితే, పీల్చే గొట్టంలో ఎక్కడైనా గాలి లాగితే, కోన్‌లో ఒక పెంకు ముక్క చిక్కితే. ఇంగ్లండ్‌లో మొదటి కారణం అంతగా ఎదురుకాదు. మన తీరంలో మే నెలలో ఎండలో నిలబెట్టిన టెండరు (ఇంజన్ వెనక నీళ్లు, బొగ్గు మోసే బండి) ట్యాంకులో నీళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు ఆవిరి చల్లబడి నీళ్లుగా మారదు, ఇంజెక్టర్ పట్టదు, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి వేడినీళ్లు, ఆవిరి కక్కుతుంది. మందు సులువు. ట్యాంకు నిండుగా ఉంచాలి, నీడలో ఆపాలి, ఇంజెక్టర్ మీద తడి గోనెపట్టా చుట్టాలి. పెంకు చిక్కిందనుకుంటే కోన్లు విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టండి, వంటింట్లో దొరికేదే. తీగతో గుచ్చకండి. లోపల గీత పడిందంటే ఆ కోన్ ఇక పనికిరాదు.

బొగ్గు గురించి క్లుప్తంగా. బ్రిటన్‌లో ఈ రైళ్లు చాలాకాలం వేల్స్ బొగ్గు మీద బతికాయి. పొగ తక్కువ, బూడిద తక్కువ. అక్కడి పెద్ద ఓపెన్ కాస్ట్ గని ఫోస్-ఇ-ఫ్రాన్ 2023లో మూతపడ్డాక వాళ్లు దిగుమతి బొగ్గు, అచ్చు వేసిన ఇటుక బొగ్గు చూసుకుంటున్నారు. మనకు దగ్గరిది సింగరేణి. బూడిద ఎక్కువ. చిన్న ఫైర్‌బాక్స్‌లో అది కడ్డీల మీద క్లింకర్‌గా (కరిగి గడ్డకట్టిన బూడిదగా) అట్టకట్టి గాలి ఆపేస్తుంది. జల్లెడ పట్టి 25 నుంచి 40 మిల్లీమీటర్ల ముక్కలు వాడండి. ఒకేసారి పారల కొద్దీ వేయకుండా కొంచెం కొంచెం, తరచుగా వేయండి. ప్రతి ట్రిప్పు చివర కడ్డీలు కదపండి. నల్లపొగ చూసి పిల్లలు చప్పట్లు కొడతారు గానీ, అది కాలకుండా పోతున్న మీ బొగ్గు డబ్బు. పొగగొట్టంలో నిప్పురవ్వలు ఆపే జాలీ తప్పనిసరి. తీరంలో సరుగుడు తోటలుంటాయి, రాలిన ఎండు సరుగుడాకు అంటుకుంటే ఆగదు.

ఇప్పుడు బయటి నీళ్లు, ఉప్పుగాలి. తీరంలో ప్రతి ఇనుప వస్తువు మీదా కనిపించని ఉప్పు పొర ఉంటుంది. అది గాలిలోంచి తేమ లాక్కొని ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. సాయంత్రం పెట్టెల అడుగు భాగాలను మంచినీళ్లతో కడగటం, వేడి చల్లారకముందే ఇంజన్ రాడ్లను నూనె గుడ్డతో తుడవటం, ఈ రెండూ రోజూ జరగాలి. మంచిదని ఉక్కు చట్రానికి స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తారు, అల్యూమినియం రేకులు బిగిస్తారు. రెండు లోహాలు ఉప్పు తడిలో తాకితే తక్కువరకం లోహం తినేయబడుతుంది. ఉక్కు, అల్యూమినియం తాకేచోట మధ్యలో రబ్బరో నైలాన్ వాషరో ఉండాలి.

ఇసుక ఇంకో రకం. ఇంజన్ చక్రం జారుతుంటే పట్టా మీద ఇసుక చల్లుతాం, అందుకు ఇంజన్‌లోనే ఇసుక పెట్టె ఉంటుంది. అదే ఇసుక బేరింగ్ నూనెలో కలిస్తే రుబ్బురోలులో వేసినట్టు ఇత్తడిని అరగదీస్తుంది. ఒడ్డున గాలి వీస్తే నూనె డబ్బా మూత తెరిచి పెట్టకూడదు, నూనె పోసే గుంటలకు మూతలో, ఉన్ని ముక్కలో ఉండాలి. ఇసుక పెట్టెలోకి బీచి ఇసుక ఎత్తి పోసేవాళ్లు ఉన్నారు. ఉప్పు తేమకు అది గొట్టంలో గడ్డకడుతుంది. కడిగి, ఎండబెట్టి, జల్లించిన ఏటి ఇసుకే వాడాలి.

దారి మీద ఇసుక మేట వేస్తే చిన్న బండి పట్టాలు తప్పుతుంది. పెద్ద రైలు చక్రం దాన్ని నలిపేసి పోతుంది. ఇక్కడ చక్రం అంచు సెంటీమీటరు పైచిలుకే, బరువూ తక్కువ. ముఖ్యంగా రోడ్డు గేటు దగ్గర పట్టా పక్క సందులో ఇసుక, చిన్నరాళ్లు గట్టిపడి కూర్చుంటాయి. మొదటి ట్రిప్పుకు ముందు ఒక మనిషి కొక్కెం పట్టుకొని నడిచి ఆ సందులన్నీ గీయాలి. ఫెయిర్‌బోర్న్ లాంటి లైన్లు ఇసుక దిబ్బల పక్కనే పోతాయి, అక్కడ ఇది రోజువారీ పని. మన దగ్గర గాలివాటుకు అడ్డంగా సరుగుడు వరస వేస్తే చాలావరకు ఆగుతుంది. కంకర కూడా చూసుకోవాలి. డంజెనెస్ ప్రాంతమంతా సముద్రం దొర్లించిన గులకరాళ్లే. గుండ్రటి రాళ్లు ఒకదానికొకటి పట్టుకోవు, స్లీపరు పక్కకు జరుగుతుంది. మనకు పగలగొట్టిన గ్రానైటు కంకర దండిగా ఉంది. అదే మేలు.

పట్టాల జాయింటు లెక్క ఒకటి చెప్పి ఇది ముగిస్తా. ఉక్కు ఒక మీటరుకు ఒక డిగ్రీకి 0.012 మిల్లీమీటరు సాగుతుంది. 9 మీటర్ల పట్టా, పొద్దున 30 డిగ్రీలప్పుడు వేస్తున్నారు, ఎండాకాలం మధ్యాహ్నం పట్టా 60కి చేరుతుంది. 30 డిగ్రీల తేడాకు 3.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అంత సందు వదలాలి. సందు లేకుండా బిగిస్తే మే నెలలో పట్టా పాములా వంకర తిరుగుతుంది. సందు వదిలినా, ఫిష్ ప్లేటు (రెండు పట్టాలను కలిపే ఇనుప పలక) ఉప్పుకు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఫలితం అదే. పట్టా కదలాలి కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఫిష్ ప్లేట్లు విప్పి గ్రాఫైట్ గ్రీజు పెట్టండి.

జనం ఎక్కే విషయం. ఇంగ్లండ్ పుస్తకాల్లో కనిపించని సంగతి ఒకటి మనకుంది: చీర కొంగు, చున్నీ. తెరిచి ఉన్న పెట్టెలో కూర్చుంటే చక్రం మోకాలి పక్కనే ఉంటుంది. పెట్టె పక్క రేకు సీటు కన్నా ఎత్తుగా ఉండాలి, చక్రాలకు తొడుగు ఉండాలి. గార్డు ప్రతి పెట్టె దగ్గరా ఆగి చూశాకే పచ్చజెండా. పట్టాలు దాటే రోడ్డు దగ్గర గేటు పెట్టండి. చిన్న రైలని కార్లవాళ్లు లెక్కచేయరు. రోమ్నీ లైను మీద 2003లో, 2005లో గేటులేని దారుల దగ్గర కార్లు గుద్ది ఇద్దరు రైలు డ్రైవర్లు చనిపోయారు. తర్వాత అక్కడ అర్ధగేట్లు పెట్టుకుంటూ వచ్చారు. ఒకే పట్టా మీద రెండు బళ్లు నడిపితే టోకెన్ (ఆ దారికి ఒక్కటే ఉండే గుర్తు బిళ్ల) పద్ధతి ఒక్కటే నమ్మకం. టోకెన్ చేతిలో లేకుండా బండి కదలకూడదు. ఫోన్లో చెప్పుకున్నాం కదా అనేది టోకెన్ కాదు.

చట్టం ముందే తెలుసుకోండి. 25 లీటర్లు దాటిన బాయిలర్ మన బాయిలర్ల చట్టం కిందికి వస్తుంది. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది, ఈ హద్దు అలాగే ఉంది. ఇంట్లో చేసుకునే 5 అంగుళాల గేజి ఇంజన్ బాయిలర్ ఆ హద్దుకు లోపలే ఉంటుంది. 15 అంగుళాలది ఉండదు. డ్రాయింగ్ ఆమోదం ముందు, రేకు కొనడం తర్వాత. రేకుకు కంపెనీ పరీక్ష పత్రం లేకపోయినా, వెల్డరుకు అర్హత పత్రం లేకపోయినా, ఎంత బాగా చేసినా ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టడు. చాలామంది దీన్ని తిరగేసి చేసి డబ్బు పోగొట్టుకుంటారు.

(సభలోంచి: ఇంత బాధ ఎందుకు, డీజిల్ ఇంజన్‌కు ఆవిరి ఇంజన్ బొమ్మ తొడిగితే సరిపోదా?)

సరిపోతుంది. ఇంగ్లండ్‌లో స్కార్‌బరో నార్త్ బే లైను 1931లోనే ఆ పని చేసింది. పైకి ఆవిరి ఇంజను, లోపల డీజిల్. ఇరవై అంగుళాల గేజి. వారం మధ్యలో, జనం తక్కువున్న రోజుల్లో అలాంటిదొకటి ఉంచుకోవడం తెలివైన పని. నా సలహా కూడా అదే, ఆవిరి శని, ఆదివారాలకు.

(సభలోంచి: తుఫాను సీజన్‌లో మూసేస్తే బాయిలర్‌ను ఎలా ఉంచాలి?)

రెండే పద్ధతులు. ఎండబెట్టి, లేదా నిండా నింపి. ఎండబెట్టాలంటే గోరువెచ్చగా ఉన్నప్పుడే నీళ్లు వదిలేసి, ప్లగ్గులు విప్పి, లోపలి తడి పోయాక పళ్లెంలో పొడి సున్నమో సిలికా జెల్లో పెట్టి మూసేయాలి. తీరంలో ఉప్పు తేమ లోపలికి దూరితే ఇది పనిచేయదు, కాబట్టి రెండు వారాలకోసారి తెరిచి సున్నం మార్చాలి. అలా మనిషి లేకపోతే నింపడమే మేలు. మందు కలిపిన నీళ్లు గాలిబుడగ లేకుండా మూతి దాకా పోసి మూసేయండి. సగం నీళ్లు, సగం గాలి మాత్రం ఉంచకండి, నీళ్ల అంచు వెంట గీత గీసినట్టు తుప్పు తింటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖలో హుద్‌హుద్ ఏం చేసిందో మీరంతా చూశారు. ఇంజన్‌ను, పెట్టెలను షెడ్డులో పట్టాలకే గొలుసులతో కట్టి ఉంచాలి. ముందు టర్పాలిన్ తీసేయండి, గాలికి అదే తెరచాప అవుతుంది.

(సభలోంచి: రాత్రి బండి ఆపేటప్పుడు బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉంచాలి?)

మంచి ప్రశ్న. మంట తగ్గాక, బూడిద తీశాక, పొగపెట్టెలో చేరిన మసి కూడా తీయాలి, అందులో గంధకం తేమతో కలిసి రేకును తింటుంది. ఆ తర్వాత గ్లాసులో ముప్పాతిక పైన నీళ్లు చూసి ఇంజెక్టర్ ఆపండి. 184 డిగ్రీల నీళ్లు మామూలు వేడికి వచ్చేసరికి పదో వంతుకు పైగా ముడుచుకుంటాయి. రాత్రి సగమే ఉంచితే పొద్దునకు గ్లాసు ఖాళీగా కనబడుతుంది. పొగగొట్టం మీద మూత పెట్టండి, లేకపోతే చల్లగాలి ట్యూబుల గుండా లాగి వాటి చివర్లు కారతాయి.

పొద్దున వచ్చేసరికి గ్లాసు పైదాకా నిండిపోయి ఉంటే మాత్రం సంతోషపడకండి. బాయిలర్ చల్లారుతుంటే లోపల శూన్యం ఏర్పడి, ఇంజెక్టర్ దారిలో ఉండే క్లాక్ వాల్వు (నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వు) సరిగ్గా కూర్చోకపోతే టెండరు నీళ్లను రాత్రంతా లోపలికి లాక్కుంటుంది. ఆ రోజు మంట పెట్టేముందు డ్రెయిన్‌తో మట్టం దించండి. క్లాక్ వాల్వు విప్పి, దాని కూర్చునే చోట గార ముక్క ఏమన్నా ఉందేమో చూడండి. సాధారణంగా ఉంటుంది.